పి.పి. నంబరు మీద పీహెచ్‌డీ

మా వైపు ఔననడానికి ‘ఆయ్’ అంటాం. ‘ఔను’ పుస్తకాల్లో మాట, పరీక్షల్లో రాసే మాట. ఎదుటివాళ్లు చెబుతున్నది వింటున్నామని ఆయ్, ఒప్పుకున్నామని ఆయ్, ఒప్పుకోకపోయినా పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం ఎందుకులే అని ఆయ్. ఎవరైనా పిలిస్తే పలికేదీ ఆ మాటతోనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ లెక్కన కోనసీమంత మంచి ఊరు ఇంకోటి ఉండకూడదు. కాకపోతే ఈ మంచి నోటితో నేను పీహెచ్‌డీ సీటు వెతుక్కోవలసి వచ్చింది, అదీ ఇంగ్లీషులో.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ఎమ్మెస్సీ అయ్యాక, పరిశోధన చేసేవాళ్లకి స్కాలర్‌షిప్పు ఇచ్చే జాతీయ పరీక్ష రాసి పాసయ్యాను. మా ఊరు పి.గన్నవరం దగ్గర, కాలవ గట్టు మీద. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆ రోజు బళ్లో పిల్లలందరికీ చాక్లెట్లు పంచారు. ఊళ్లో అందరూ నాకు ఉద్యోగం వచ్చేసిందనుకున్నారు. కొందరు ‘ఏమ్మా డాక్టరమ్మా’ అని కూడా పిలవడం మొదలుపెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

పరీక్ష పాసవడం సగం పనే. స్కాలర్‌షిప్పు ఇస్తామని వాళ్లిచ్చిన కాగితం రెండేళ్లే చెల్లుతుంది. ఆ లోపల ఎక్కడో ఒకచోట, ఒక ల్యాబులో, ఒక ప్రొఫెసరు ‘ఈ అమ్మాయిని నా దగ్గర చేర్చుకుంటాను’ అనాలి. ఎవరూ అనకపోతే అది చిత్తు కాగితమే. ముహూర్తం పెట్టేసుకుని ఆ తర్వాత పెళ్లికొడుకుని వెతుక్కోవడం లాంటిదన్నమాట. ఈ సంగతి మా నాన్నకి అర్థమయ్యేసరికి ఏడాది గడిచింది. మా అమ్మకి ఎప్పటికీ అర్థం కాలేదు. ‘పాసయ్యేక మళ్లీ ఎవరు ఒప్పుకోవాలే?’ అని అడిగేది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

రావులపాలెం వెళ్లి, అరటి గెలల లారీల పక్కన నిలబడి బస్సు పట్టుకుని, కొన్ని ఇంటర్వ్యూలకి వెళ్లాను. మొదటి దాంట్లో బల్లకి అటువైపు అయిదారుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన ఏదో వివరిస్తుంటే నేను అలవాటు కొద్దీ ‘ఆయ్’ అన్నాను. ఆయన ఆగిపోయారు. ఇంగ్లీషులో ‘నేను’ అనే మాటతో వాక్యం మొదలుపెట్టాననుకున్నారు పాపం. ‘చెప్పమ్మా, నువ్వు...?’ అన్నారు. నాకేమీ తోచక ‘ఆయ్’ అన్నాను. ‘ఆఁ, నువ్వు?’ అని మళ్లీ ఆయన. అలా కాసేపు ఒకరినొకరు మర్యాదగా చూసుకున్నాం. ఆ సీటు నాకు రాలేదు.

తర్వాతి ఇంటర్వ్యూల్లో నోరు అదుపులో పెట్టుకున్నాను గానీ ఇంకో చిక్కు వచ్చింది. నేను పని చెయ్యాలనుకున్నది ఫైలేరియా మీద, అంటే బోదకాలు తెచ్చే పురుగు మీద. ‘ఇదే ఎందుకు?’ అని అందరూ అడిగేవారు. మా ఊళ్లో కాళ్లు వాచిపోయి బాధపడేవాళ్లని చూసి చలించిపోయానని, వాళ్లకి ఏదైనా చెయ్యాలని ఉందని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. మా వీధిలోనే ముగ్గురికి ఉండేది ఆ జబ్బు. వినేవాళ్లు కూడా అయ్యో అన్నట్టు మొహాలు పెట్టి తలలూపేవారు. తలూపి, వేరేవాళ్లని తీసుకునేవారు.

ఇక మిగిలింది ఈమెయిళ్లు. బస్సెక్కి అంబాజీపేట మీదుగా అమలాపురం వెళ్లి, బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఫైలేరియా మీద పనిచేసే ప్రొఫెసర్లు దేశంలో ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి రాసేదాన్ని. పెద్దవాళ్లకి ఉత్తరం ఎలా రాయాలో మా నాన్న చిన్నప్పుడు నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు తమరి క్షేమం, తమరి కుటుంబ సభ్యుల క్షేమం అడగాలి. ఇక్కడ మేమందరం దేవుని దయవల్ల కుశలమని చెప్పాలి. వానలు ఎలా పడుతున్నాయో తెలపాలి. అప్పుడు నెమ్మదిగా అసలు సంగతిలోకి దిగాలి. నేను అచ్చం అలాగే ఇంగ్లీషులో రాసి పంపాను, ఎంతోమందికి. మొట్టమొదటి వాక్యంలోనే పని గురించి అడగడం మాకు చేతకాదు. దాహం వేసి ఒకరింటికి వెళ్లినా ముందు కుశలమడిగి తర్వాతే మంచినీళ్లడిగే జనం.

ఎవరూ జవాబివ్వలేదు. కాగితం గడువు ఇంకో రెండు నెలలుందనగా ఒకావిడ ఇచ్చారు. వేరే రాష్ట్రంలో ప్రొఫెసరు. మేడమ్ రాసింది నాలుగే ముక్కలు. ‘మీ ఉత్తరంలో మొదటి సగం ఎందుకు రాశారో తెలియలేదు. అయినా అడిగారు కనుక, మా ఇంట్లో అందరూ క్షేమమే. మీతో మాట్లాడాలి. ఫోన్ నంబరు పంపండి.’

ఆ తెర ముందు కూర్చుని ఏడ్చేశాను. పక్క కుర్చీలో ఆయనెవరో పరీక్ష పోయిందనుకుని ఓదార్చబోయారు.

మా ఇంట్లో ఫోను లేదు. దరఖాస్తు పెట్టుకున్నాం గానీ స్తంభాలు మా సందు దాకా రాలేదు. అప్పట్లో ఫోను లేనివాళ్లు తెలిసినవాళ్ల నంబరు ఇచ్చి, పక్కన పి.పి. అని రాసేవారు. ఆ నంబరుకి చేస్తే వాళ్లొచ్చి మనల్ని పిలుచుకెళ్తారు. మా పి.పి. నంబరు సందు మొదట్లో ఉండే బాబాయిగారిది. ఆయన మాకు చుట్టమేమీ కాదు. వాళ్ల దేవుళ్లు వేరు, మా దేవుడు వేరు. కానీ నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు.

ఆయన కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్లేవారు. పిన్నిగారు కువైట్‌లో ఒకరింట్లో పనిచేసేవారు. ఇల్లు కట్టుకోవడానికని వెళ్లారు. ఇల్లయింది. ఆ ఇంటి ముందుగదిలో ఆవిడ కట్టించిన సిమెంటు గూట్లో ఫోను ఉండేది, ఆవిడ కుట్టిన పూల గుడ్డ కప్పుకుని. శుక్రవారం ఆవిడకి సెలవు. బయటికొచ్చి, ఫోన్ల కొట్టుకి వెళ్లి, మనకి సాయంత్రం నాలుగు ప్రాంతంలో చేసేవారు. పనిచేసే ఇంట్లోవాళ్ల ఫోను ఆవిడ ముట్టుకోకూడదు. ఈయన తిరిగి చెయ్యడానికి నంబరంటూ లేదు. వారానికి ఆ నాలుగు మాటలే వాళ్ల సంసారం.

శుక్రవారం బాబాయిగారు మధ్యాహ్నానికే పని ముగించుకుని వచ్చేసేవారు. తలంటుకుని, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను పక్కన కూర్చునేవారు. ‘పిన్నిగారికి కనిపిస్తారా ఏంటండీ ఫోన్లో?’ అని మేం ఆటపట్టిస్తే సిగ్గుపడిపోయేవారు. ‘కనబడకపోతే మాత్రం, మాసిన చొక్కాతో మాటాడతామా?’ అనేవారు. మళ్లీ ఫోనెత్తాక వినిపించేవన్నీ ఆయ్, ఆయ్, ఆయ్. ఆవిడ చెబుతుంది, ఈయన ఆయ్ అంటారు. ‘ఇంకో ఏడాది ఉంటానండీ’ అని ఆవిడ ఏటా చెప్పేది. దానికీ ఆయనది అదే జవాబని మా సందంతా ఎరుగుదుం.

నేను నంబరు పంపిన కొన్నాళ్లకి, ఒక ఉదయం బాబాయిగారు మా గుమ్మంలోకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

‘అమ్మా, మీ మేడంగారు ఫోన్ చేసేరమ్మా! నువ్వు చర్చి కాడికి వెళ్లేవంట కదా. నేనే మాటాడేను.’

‘ఏమన్నారండీ?’

‘చాలా మంచావిడమ్మా. ఎంత నెమ్మదిగా మాటాడేరో.’

‘అదే బాబాయిగారండీ, ఏం చెప్పారు?’

‘అదేనమ్మా... అంతా ఇంగ్లీషులో చెప్పేరు కదా. నాకు తెలీలేదు. అన్నిటికీ ఆయ్ అన్నాను.’

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం స్పష్టంగా వచ్చింది. ‘అన్నిటికీనా? ఆవిడేం అడిగారో తెలియకుండానే? ఈ అమ్మాయికి సీటు వద్దా అని అడిగినా ఆయ్ అన్నారా?’ అని గట్టిగానే అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. ‘పెద్దవాళ్లు అంత మర్యాదగా మాటాడతావుంటే కాదంటావేంటమ్మా?’ అన్నారు. తప్పు నాదేనన్నట్టు చూశారు కూడా.

చెప్పులేసుకుని బస్సుకి పరిగెత్తాను. దారంతా ఆవిడ ఏమేం అడిగి ఉంటారో ఊహించుకుంటూ, ఒక్కోదానికి ఆయ్ అని జవాబు పెట్టుకుంటూ కుమిలిపోయాను. అమలాపురంలో కంప్యూటరు తెరిస్తే ఆవిడ మెయిలు ఉంది. ‘మీ నాన్నగారితో మాట్లాడాను. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకి ఫోను ఖాళీగా ఉంచుతారా అంటే ఒప్పుకున్నారు. ఎంత చక్కగా ఔనంటారు ఆయన! ఓడల్లో పనిచేశారా?’ చివరి మాట నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. పాత ఇంగ్లీషులో, ఓడలవాళ్ల భాషలో, అచ్చం మన ఆయ్ లాగే పలికే మాట ఒకటుందట. దాని అర్థమూ ఔననే.

శుక్రవారం. నాలుగు గంటలు. వారం మొత్తంలో తనకున్న ఆ ఒక్క గంటనే బాబాయిగారు తెలియకుండా నాకు ఇచ్చేశారు.

వెళ్లి చెప్పాను. ఆయన ఫోను మీద గుడ్డ సరిచేశారు, అది సరిగ్గానే ఉన్నా.

‘నేను మేడమ్‌కి రాస్తానండీ. వేరే రోజు పెట్టమంటాను’ అన్నాను.

‘ఒద్దమ్మా. మాటిచ్చేసేం కదా.’

‘మీకు తెలిసి ఇవ్వలేదు కదండీ!’

‘తెలిసిచ్చినా తెలీకిచ్చినా మాట మాటే. నీ కాగితం గడువు దగ్గరికొచ్చేసిందని మీ నాన్నగారు చెప్పేరు. ఇప్పుడావిడ మనసు మారితేనో? మీ పిన్నికేవుంది, మళ్లీ వారం చేస్తది.’

నిజం చెప్పాలంటే ఆయన వద్దన్నందుకు నాకు లోలోపల ప్రాణం లేచొచ్చింది. రెండు నెలలు కాస్తా నెలన్నరకి వచ్చాయి. ఇంకో తలుపు ఏదీ లేదు. అయినా ఆ రోజంతా అన్నం సహించలేదు.

శుక్రవారం వచ్చింది. అమ్మ ఉపవాసం పెట్టింది. బాబాయిగారు అయినవిల్లి గణపతికి కొబ్బరికాయ మొక్కుకున్నారు. రెండు వైపులా రికమండేషన్ పెట్టించాం అన్నారు మా నాన్న. నేను మూడున్నరకే వెళ్లి కూర్చున్నాను. బాబాయిగారు అప్పటికే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కాతో ఉన్నారు. అలవాటో, ఆశో నేనడగలేదు. కుర్చీ నాకిచ్చి ఆయన బయట అరుగు మీద కూర్చున్నారు, వీధి వైపు తిరిగి.

నాలుగింటికి మోగింది. మేడమ్.

మొదట చదువు గురించి అడిగారు. బాగానే చెప్పాను. ప్రయోగం చేస్తే ఫలితం రాకపోతే ఏం చేస్తావన్నారు. మళ్లీ చేస్తానన్నాను. ‘మళ్లీ రాకపోతే?’ ‘నేను అడిగిన ప్రశ్నే తప్పేమో చూసుకుంటాను.’ ఆవిడ ఊఁ అన్నారు. తర్వాత ఆ పాత ప్రశ్న వచ్చింది. ఈ పురుగే ఎందుకు?

వాచిన కాళ్ల సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అరుగు మీద ఆయన వీపు కనబడుతోంది. ఆ గంట ఆయనది. దాంట్లో కూర్చుని నలుగురికి చెప్పిన పాఠం అప్పజెప్పడానికి నాకు నోరు రాలేదు. ‘నాకు ఆ పురుగంటే ఇష్టం మేడమ్’ అన్నాను.

‘ఇష్టమా?’

‘ఎమ్మెస్సీలో మైక్రోస్కోపు కింద మొదటిసారి చూశాను. రక్తపు చుక్కలో కణాల్ని తోసుకుంటూ, కొరడా లాగా మెలికలు తిరుగుతూ. పక్కవాళ్లు ఛీ అన్నారు. నాకు ముద్దొచ్చింది. పగలు మనిషి ఒంట్లో లోపలెక్కడో దాక్కుంటుంది, ఆ మనిషి పడుకునే వేళకి పైకి రక్తంలోకి వస్తుంది. దానికి కళ్లు లేవు, గడియారం లేదు. రాత్రయిందని దానికెవరు చెబుతారు? అప్పటినుంచీ నాకు అదొక్కటే తెలుసుకోవాలని ఉంది.’

చెప్పాక భయమేసింది. అంతవరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంత బాధపెట్టే పురుగుని ముద్దొచ్చిందంటే మా వీధివాళ్లు చీపురు తిరగేస్తారు.

అప్పుడు చెవిలో టిక్కుమంది. ఆ ఫోనుకి, మనం మాట్లాడుతుండగా ఇంకెవరైనా చేస్తే చెవిలో వినిపించే ఏర్పాటు ఉండేది. ఆగింది. మళ్లీ టిక్కుమంది. ఎవరో నాకు తెలుసు. అరుగు మీద ఉన్నాయనకి తెలియదు.

మేడమ్ ఏదో అడుగుతున్నారు. నాకు వినబడటం లేదు. కువైట్‌లో ఫోన్ల కొట్టు ముందు వరసలో నిలబడి, నంబరు నొక్కి, ఎత్తకపోతే మళ్లీ నొక్కుతున్న పిన్నిగారే కనిపిస్తున్నారు. ఆవిడనే చూస్తూ, ఎందుకో తెలియదు, నేను తిరిగి మేడమ్‌ని ప్రశ్న అడిగాను.

‘మేడమ్, ఒక మనిషి మా ఊరి నుంచి కువైట్ వెళ్లిందనుకోండి. ఆవిడ ఒంట్లో ఈ పురుగు ఉందనుకోండి. అక్కడ రాత్రి మనకన్నా రెండున్నర గంటలు ఆలస్యం. ఆ పురుగు ఏ ఊరి రాత్రికి పైకొస్తుంది? కువైట్ రాత్రికా, కోనసీమ రాత్రికా? మారితే ఎన్నాళ్లకి మారుతుంది?’

మళ్లీ టిక్కుమంది.

‘ఆ శబ్దమేమిటి?’ అన్నారు మేడమ్.

ఇక దాచలేకపోయాను. ఈ ఫోను మాది కాదని, మీరు మాట్లాడినాయన మా నాన్న కాదని, ఆయన భార్య కువైట్‌లో ఉందని, వారానికొక్కసారి ఈ వేళకే చేస్తుందని, ఇప్పుడు చేస్తున్నది ఆవిడేనని గబగబా చెప్పేశాను.

‘నాన్నగారు కాకపోతే మీకు ఏమవుతారు?’

‘బాబాయిగారు.’

‘అంటే మీ నాన్నగారి తమ్ముడు?’

‘కాదండీ.’

‘మరి?’

‘బాబాయిగారేనండీ’ అన్నాను. అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

‘పెట్టెయ్యండి. ఆవిడ మాట్లాడాక నేను చేస్తాను’ అన్నారు మేడమ్. పెట్టేసిన మరుక్షణం మోగింది. ‘బాబాయిగారండీ, పిన్నిగారు!’ అని అరిచాను.

ఆయన పరిగెత్తుకొచ్చి ఎత్తారు. ‘ఆయ్, బాగానే ఉన్నాను. ఏవీ అవలేదు. అమ్మాయికి ఇంటర్వ్యూ అవుతుంది ఇందులో. పెద్దావిడ మళ్లీ చేస్తారు. పెట్టేస్తన్నాను, ఏవనుకోకు’ అన్నారు. పెట్టేశారు. వారమంతా ఎదురుచూసినాయన మాట్లాడింది అంతే. నేను బిత్తరపోయి చూస్తుంటే, ‘కూకో అమ్మా, వస్తది’ అని మళ్లీ అరుగు మీదకి వెళ్లిపోయారు.

మోగింది. ‘గుడ్ ఈవినింగ్ మేడమ్’ అన్నాను.

‘మేడమేంటే? నేను, పిన్నిని! ఏమయ్యింది? పాసయ్యేవా?’

‘ఇంకా అవలేదు పిన్నిగారండీ...’

‘అయితే పెట్టెయ్, పెట్టెయ్!’

కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ పిన్నిగారే. ఆత్రం పట్టలేకపోయింది ఆవిడ. ‘ఇప్పుడయ్యిందా?’ అంది. మరోసారి కూడా చేసింది. అలా తన ఫోను కార్డులో ఉన్న డబ్బులన్నీ నాకు సీటొచ్చిందా అని అడగడానికే ఖర్చుపెట్టేసింది. ఆ మధ్యలో మేడమ్ చేసి ఉంటే గనక, పిన్నిగారి గొంతులో ఆ టిక్కు నాకు వినబడి ఉండదు. ఆవిణ్ని కోప్పడే ధైర్యం నాకు లేదు, నవ్వే ఓపికా లేదు.

ఆ తర్వాత ఫోను మోగలేదు. అయిదయింది, ఆరయింది. బాబాయిగారు లోపలికొచ్చి కింద కూర్చున్నారు. దీపం వేశారు. ‘వస్తదమ్మా’ అన్నారు. కాసేపాగి మళ్లీ అదే మాట అన్నారు. రాదని ఇద్దరికీ తెలుసు. నా కోసం ఆయన గంట పోయింది, ఆయన కోసం నా ఇంటర్వ్యూ పోయింది. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకునే వీలు కూడా లేకుండా కూర్చున్నాం. లేవబోతుంటే, ‘నీకు రాకపోతే నేను మీ నాన్నగారి మొహం చూడలేనమ్మా’ అన్నారాయన. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

సోమవారం దాకా అమలాపురం వెళ్లడానికి కాళ్లాడలేదు. వెళ్తే మెయిలు ఉంది.

‘రెండుసార్లు ప్రయత్నించాను, లైను దొరకలేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారేమో, ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నాను. అయినా మళ్లీ మాట్లాడవలసిన పని లేదు. మీ కువైట్ ప్రశ్నకి సరైన జవాబు నాకు తెలియదు. మా ల్యాబులో ఎవరూ ఇంతవరకు అలా అడగలేదు. ఆ పురుగంటే ఇష్టమన్నవాళ్లు కూడా ఎవరూ లేరు. గడువు లోపల వచ్చి చేరండి.’

ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చాను. నాన్న దాన్ని నిలబడే రెండుసార్లు చదివారు. అమ్మ చదవకుండానే మోకరించింది. బాబాయిగారికి చెబితే, ‘నేను ముందే అన్లేదా, మంచావిడని!’ అని తువ్వాలుతో కళ్లొత్తుకున్నారు. ఆ తర్వాత ఆయనకో కష్టమొచ్చిపడింది. ఈ కబురు శుక్రవారం దాకా పిన్నిగారికి చెప్పే దారి లేదు. మంగళవారం, బుధవారం, సందులో కనబడిన ప్రతివాళ్లకీ చెప్పి సరిపెట్టుకున్నారు.

శుక్రవారం నన్ను పిలిపించారు. మోగగానే ఎత్తి నా చేతిలో పెట్టారు. ‘నువ్వే చెప్పమ్మా’ అన్నారు.

చెప్పాను. అటునుంచి పిన్నిగారు ఒక్క కేక వేశారు. ఆ కొట్టులో ఉన్నవాళ్లంతా తిరిగి చూసి ఉంటారు. ఏం కొనుక్కోవాలో, పెట్టెలో ఏం సర్దుకోవాలో, వెళ్లిన కొత్తలో సాయంత్రాలు తోచక ఎలా ఉంటుందో, అప్పుడు ఎవరితో ఒకరితో మాటలు కలపాలి తప్ప గదిలో పడుకోకూడదనీ, అన్నీ చెప్పారు. ఊరొదిలి ఉండటం ఎలాగో నాకు నేర్పినవాళ్లు ఆవిడొక్కరే. మా ప్రొఫెసర్లు ఎవరూ చెప్పలేదు.

తర్వాత అడిగారు. ‘ఎన్నేళ్లమ్మా ఈ చదువు?’

‘అయిదేళ్లు పిన్నిగారండీ.’

లైను తెగిందేమో అనుకున్నాను.

‘నేను రెండేళ్లకని వచ్చేనమ్మా’ అన్నారు. ‘ఇది ఏడోది. ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అనుకుంటావుంటే ఇలాగే అయిపోతది. నువ్వు మటుకు చెప్పిన టైముకి వచ్చెయ్యి తల్లీ. ఏం?’

నేను తలూపాను, ఫోన్లో కనబడదని తెలిసీ.

‘ఏవంటందమ్మా?’ అన్నారు బాబాయిగారు పక్కనుంచి.

‘ఎక్కువ రోజులు ఉండిపోవద్దంటున్నారండీ. చెప్పిన టైముకి వచ్చెయ్యమంటున్నారు’ అన్నాను.

ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. రెండు చేతులతో పట్టుకున్నారు దాన్ని. ఎప్పుడూ ఆవిడ చెబితే వినడమే తప్ప, ఆయనగా ఒక మాట అడగడం నేను వినలేదు.

‘అమ్మాయికి చెప్పేవు కదా,’ అన్నారు. ‘నువ్వూ వచ్చెయ్యి.’

నేను బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద కూర్చున్నాను.